నల్ల గళ్ళలో ఇద్దరు రాజులు

ఏటికొండ కింద వాగు ఒకచోట మోచెయ్యి మడిచినట్టు వంపు తిరుగుతుంది. నడివేసవిలో చుట్టూ అడవంతా ఎండి గరగరలాడుతున్నప్పుడు కూడా ఆ మలుపులో గడ్డి పచ్చగానే ఉంటుంది. నీళ్ళు తేటగా ఉంటాయి. రాళ్ళ కింద ఎండ్రకాయలు బలిసి తిరుగుతుంటాయి. ఆ చోటు కోసం అక్కడి జంతువులు ఒకప్పుడు కుమ్ముకునేవి, కరుచుకునేవి. చివరికి అన్నీ కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నాయి. ఏటా ఎండలు ముదరక ముందు చదరంగం పోటీ పెట్టాలి. గెలిచినవాడి గుంపుకి ఆ వేసవంతా మలుపు వదిలేయాలి. గొడవలుండవు, తెలివున్నవాడికి దక్కుతుంది.

వినడానికి ఎంత పెద్దమనిషి తీర్మానంలా ఉందో చూశారా! నాకు మాత్రం తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా ఆ పోటీ గెలుస్తున్నది ఒక్కడే, గుర్నాథం అనే నక్క. గడ్డి తినని నక్కకి పచ్చికతో ఏం పని అని అడక్కండి. వాడు ఎండ్రకాయలు ఏరుకుంటాడు, చల్లటి ఒడ్డున వెల్లకిలా పడుకుంటాడు, గడ్డి వైపు ఎవరొచ్చినా పళ్ళు చూపిస్తాడు. ఆ గడ్డి అలా ముదిరి, పండి, వాడి కళ్ళముందే ఎండిపోతుంది. అయినా వాడికి చీమ కుట్టినట్టుండదు.

కొండ కింద తిరిగే ఆవుల మందకి మైలన్న అనే ఎద్దు పెద్దదిక్కు. ఒకప్పుడు కాడి లాగినవాడు. మెడ మీద ఆ కాయ ఇప్పటికీ ఉంది. పోయిన వేసవిలో మందలో ఆవులకి పాలు ఇంకిపోయాయి. ఎండు ఆకులు నమిలి నమిలి రెండు దూడలు పోయాయి. అవి పోయిన చోటునుంచి తల తిప్పితే మలుపులో పచ్చిక కనబడుతూనే ఉంది. ఈసారి కడుపుతో ఉన్న ఆవులు ఆరు.

మైలన్నకి చదరంగం వచ్చు. మధ్యాహ్నం నెమరువేసే వేళ మట్టిలో గళ్ళు గీసుకుని ఒక దున్నపోతుతో ఆడేవాడు. పోటీలంటూ ఎప్పుడూ ఆడలేదు. ఈ ఏడు మాత్రం మందలో ఎవరినీ అడక్కుండా పోటీకి పేరిచ్చేశాడు.

పోటీ రోజు పొద్దున్నే వెళితే, వాగు ఒడ్డున చదును బండల మీద సున్నంతో, బొగ్గుతో గళ్ళు గీసి ఉన్నాయి. తెల్ల పావులు ఒక రకం రాళ్ళు, నల్ల పావులు ఇంకో రకం రాళ్ళు. బంట్లకి కుంకుడు గింజలు, వాటిలో సగానికి సున్నం పూశారు. కానుగ చెట్టు నీడలో న్యాయనిర్ణేత దాసప్ప కూర్చుని ఉన్నాడు. దాసప్ప తాబేలు. పక్కన ఒక కాకి బొగ్గుముక్క పట్టుకుని ఫలితాలు రాయడానికి సిద్ధంగా ఉంది.

"కొత్తగా వచ్చాను దాసప్పగారూ. ఇక్కడి పద్ధతులేమిటో కాస్త చెబుతారా?" అన్నాడు మైలన్న.

దాసప్ప కళ్ళు తెరవకుండానే, "పద్ధతులు అందరికీ తెలిసినవే" అన్నాడు.

ఈ మాటంటే నాకు ఎంత కోపమో చెప్పలేను. అందరికీ తెలిసినవేనట! తెలియకే కదా ఆ ఎద్దు అడిగింది! తెలిసినవాడు అడుగుతాడా? అడిగినవాడికి చెప్పకుండా, రేపు తప్పు చేస్తే శిక్ష వేయడానికి మాత్రం మెడ బయటికి చాపుతాడు.

గుర్నాథం అప్పటికే తన మేనల్లుళ్ళని నలుగురిని వెంటేసుకుని తిరుగుతున్నాడు. మైలన్నని చూసి ఆగాడు.

"ఏం తమ్ముడూ, నువ్వు కూడా ఆడతావా? ఈ ఆటలో ఏనుగుకి చోటుంది, గుర్రానికి చోటుంది. ఎద్దుకి ఎక్కడా చోటు పెట్టలేదు చూశావా? కనిపెట్టినవాడికి మీ సంగతి ముందే తెలుసనుకుంటా."

"నక్కకీ పెట్టలేదుగా బావా" అన్నాడు మైలన్న.

మేనల్లుళ్ళు కిసుక్కుమన్నారు. గుర్నాథం వెనక్కి తిరిగి చూసేసరికి నోళ్ళు మూసుకున్నారు.

మొదటి ఆట సుంకమ్మతో పడింది. సుంకమ్మ అంటే మేక. మాట కటువు, ఆట గట్టి. మైలన్న నెమ్మదిగా ఆడి ఒక గుర్రం కొట్టాడు. తర్వాత తన రాజు ఇరుక్కునేలా ఉందని మూతితో రాజుని తీసి గుర్రం దూకినట్టు దూకించాడు. సుంకమ్మ వెంటనే ముందు కాలు పైకెత్తింది.

"దాసప్పగారూ! ఇలా రండి! ఈయన రాజు దూకుతున్నాడు!"

"ఒకసారి దూకొచ్చు కదక్కా! మందలో అందరం అలాగే ఆడతాం" అన్నాడు మైలన్న.

"మీ మందలో ఆడుకోండి. ఇది పోటీ."

దాసప్ప నింపాదిగా వచ్చాడు. "ఇక్కడ దూకుడు చెల్లదు. రాజుని ముట్టుకున్నావు గనక రాజునే కదపాలి. ఒక్క గడి."

కదిపాడు. ఆ ఒక్క గడితో చేతికొచ్చిన ఆట జారిపోయింది. చివరికి ఇద్దరూ డ్రాకి ఒప్పుకున్నారు, చెరో అర పాయింటు. సుంకమ్మ ఇద్దరు రాజుల్నీ బోర్డు నడిమధ్యకి జరిపి వెళ్ళిపోయింది. ఆట అయ్యాక పావులు సర్దుతోంది కాబోలని మైలన్న అనుకున్నాడు. సిగ్గుతో చెవులు వేలాడేసుకుని నీళ్ళ దగ్గరికి నడిచాడు.

కానీ ఆ సిగ్గే వాడిని బాగు చేసింది. రెండో ఆటలో అడవిపందితో ఆడాడు. పంది ఎత్తు ఎత్తుకీ గుర్రుమంటూ పావుల మీద పడింది. మైలన్న ఒక్కో ఎత్తుకి పది శ్వాసలు ఆలోచించి దాని మంత్రిని కొట్టాడు. పంది విసుగ్గా రాజుల్ని ముక్కుతో మధ్యకి నెట్టి లేచిపోయింది. మూడో ఆట నెమలితో. నెమలి తన ఈకలు చూసుకుంటూ బోర్డు చూడ్డం మరిచిపోయింది. నాలుగోది ముంగిసతో, అది కాస్త కష్టమైంది, అయినా గెలిచాడు. ప్రతిసారీ ఓడినవాళ్ళే రాజుల్ని మధ్యలో పెట్టి పోయారు. మైలన్న ప్రతిసారీ దాహమేసి నీళ్ళకి పోయాడు.

నాలుగు ఆటలయ్యేసరికి మైలన్నకి మూడున్నర. గుర్నాథానికి మూడు, వాడు రెండు గెలిచి రెండు డ్రా చేసుకున్నాడు. ఆఖరి ఆట వీళ్ళిద్దరికే. గుర్నాథం గెలిస్తే మలుపు నక్కలది. మైలన్న గెలిచినా, డ్రా అయినా మలుపు ఆవులది.

తెల్ల పావులు మైలన్నకి వచ్చాయి. నల్లవి గుర్నాథానికి.

ఆట మొదలైంది మొదలు గుర్నాథం నోరు ఊరుకోలేదు. మైలన్న బోర్డు మీదికి వంగినప్పుడల్లా ఎండ్రకాయ కాళ్ళు పటపట కొరికేవాడు. "అలా కదిపావేం తమ్ముడూ? సరేలే, నీ ఇష్టం" అని నిట్టూర్చేవాడు. ఆలోచనలో పడితే తోక తెచ్చి బోర్డు మీద ఊపేవాడు.

"దాసప్పగారూ, వీడి తోక పావుల మీదికి వస్తోంది" అన్నాడు మైలన్న.

దాసప్ప ఒక్క కన్ను తెరిచాడు. "తోక గురించి నియమం లేదు."

రాజు దూకితే నియమం ఉంది, తోక ఊపితే లేదు. ఆ నియమాలు ఎవరు రాశారో, రాసినప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు గానీ ఊహించగలను.

మైలన్న ఇక పట్టించుకోవడం మానేశాడు. ఈగలు ముసిరితే ఎలా ఓర్చుకుంటాడో అలాగే ఓర్చుకున్నాడు. నెమ్మదిగా, కాడి లాగినట్టు, ఒక్కో బంటునీ ముందుకు తోశాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నల్ల ఏనుగు ఒకటి పడింది. కాసేపటికి గుర్రం పడింది. గుర్నాథం ఎండ్రకాయ కొరకడం ఆపేశాడు.

బోర్డు చూశాడు. మైలన్నని చూశాడు. వాడి గొంతు ఒక్కసారిగా తేనె పూసినట్టు మారిపోయింది.

"తమ్ముడూ, నిజం చెబుతున్నా, ఇంత బాగా ఆడేవాడిని నేను చూడలేదు. తొమ్మిదేళ్ళలో నేను ఒక్క ఆట కూడా ఓడలేదు, నీకు తెలుసుగా? ఆ పేరు ఒక్కటే నాకు మిగిలింది. డ్రా చేసుకుందామా? నీకు అర పాయింటు చాలు, మలుపు మీ ఆవులకి వెళ్ళిపోతుంది. నాకు ఓడలేదన్న పేరు ఉండిపోతుంది. ఇద్దరికీ మంచిదే."

మైలన్న ఆలోచించాడు. ఇంకో గంట ఆడితే గెలవొచ్చు. అలసిపోయి ఏదో ఒక తప్పు ఎత్తు వేసినా వేయొచ్చు. తనకి కావలసింది వాడి పరువు కాదు, గడ్డి. పైగా పెద్దవాడు అంతలా అడుగుతుంటే కాదనడం మైలన్నకి చేతకాదు.

"సరే బావా. డ్రా."

గుర్నాథం పంజా చాపాడు. మైలన్న గిట్ట ఆనించాడు.

"ఇప్పుడు రాజుల్ని మధ్యలో పెట్టాలి. ఆనవాయితీ. నీది ఇదిగో, ఈ గడిలో పెట్టు. నాది నీ పక్కన మూలకి మూల ఆనేట్టు పెడతా. అన్నదమ్ముల్లా ఉంటారు" అన్నాడు గుర్నాథం.

మైలన్న తన తెల్ల రాజుని మూతితో ఎత్తి, వాడు చూపించిన గడిలోనే పెట్టాడు. అది నల్ల గడి. గుర్నాథం తన నల్ల రాజుని దానికి మూలకి మూల ఆనే గడిలో పెట్టాడు. అదీ నల్ల గడే. తర్వాత తోక పైకెత్తుకుని మేనల్లుళ్ళ దగ్గరికి పోయాడు. మైలన్న గుండె నిండా ఊపిరి పీల్చుకుని నీళ్ళకి నడిచాడు. ఆరు ఆవులు, ఆరు దూడలు అనుకుంటూ నీళ్ళు తాగాడు.

అంతలో సుంకమ్మ వచ్చింది.

"ఏం మైలన్నా, ఓడిపోయావా? బాగా ఆడుతున్నావనుకున్నానే!"

"ఓడటమేంటక్కా! డ్రా అయింది. మలుపు మాదే."

"మీ రాజులు ఇద్దరూ నల్ల గళ్ళలో కూర్చున్నారుగా!"

"కూర్చుంటే?"

సుంకమ్మ వాడి మొహంలోకి అలాగే చూసింది. "నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"ఆట అయ్యాక దాసప్ప ఎవరినీ ఏమీ అడగడు. రాజుల్నే చూస్తాడు. ఇద్దరూ తెల్ల గళ్ళలో ఉంటే తెలుపు గెలిచినట్టు. ఇద్దరూ నల్ల గళ్ళలో ఉంటే నలుపు గెలిచినట్టు. ఒకడు తెల్ల దాంట్లో, ఒకడు నల్ల దాంట్లో ఉంటేనే డ్రా. మనిద్దరి ఆటలో నేను అలాగే పెట్టాను, నువ్వు చూడలేదా?"

మైలన్నకి మొదట చెవులు వణికాయి. తర్వాత ముక్కుపుటాలు. ముందు కాలు దానంతటదే నేలని గీరడం మొదలుపెట్టింది. తనే పెట్టాడు. తన మూతితో తనే, ఆరు దూడల మేతని ఎత్తి వాడి నోట్లో పెట్టాడు. అన్నదమ్ముల్లా ఉంటారన్నాడు వాడు!

"వాడి పొట్ట చీల్చేస్తా!"

"కొమ్ము విసిరావంటే పోటీలోంచి నీ పేరు కొట్టేస్తారు. ఆ నియమం మాత్రం ఉంది" అంది సుంకమ్మ.

"అయితే దాసప్పకి చెబుతా. జరిగింది జరిగినట్టు చెబుతా."

"నేనూ చెప్పాను, మూడేళ్ళ కిందట. నాతోనూ ఇలాగే డ్రా అన్నాడు, ఇలాగే పెట్టించాడు. దాసప్పకి చెబితే, నీ రాజుని నువ్వే పెట్టావా అన్నాడు. నేనే పెట్టానన్నాను. అయితే ఇంకేం అన్నాడు. గుర్నాథం అందరి ముందూ, పాపం ఓడిన బాధలో ఏదో మాట్లాడుతోంది, వదిలేయండి అన్నాడు. అందరూ నవ్వారు."

మైలన్న ఆమె వైపు తిరిగాడు. కోపం ఇప్పుడు ఆమె మీదికి మళ్ళింది.

"మూడేళ్ళుగా తెలుసా నీకు? పొద్దున్న నా ఎదురుగా కూర్చుని ఆడావు. రాజు దూకితే కాలెత్తి అరిచావు. ఇది చెప్పడానికి నోరు రాలేదా?"

"సిగ్గేసింది మైలన్నా."

"సిగ్గా! పోయిన వేసవిలో రెండు దూడలు పోయాయి మా మందలో. నీ సిగ్గు వాటికంటే ఎక్కువైందా?"

సుంకమ్మ తల దించుకుంది. నిజం చెప్పనా, ఇక్కడ నాకు ఆమె మీద కూడా కోపమే. వాడు తొమ్మిదేళ్ళు గెలిచింది తెలివితో కాదు. మోసపోయిన ప్రతివాడూ తను ఒక్కడే మోసపోయాననుకుని, మందికి తెలిస్తే నవ్వుతారని నోరు కట్టేసుకోబట్టి గెలిచాడు.

సుంకమ్మ మెల్లగా అంది. "దాసప్ప ఇంకా మూడో బోర్డు దగ్గరే ఉన్నాడు. మీది ఆఖరుకి చూస్తాడు. పరుగెత్తు. ఒక రాజుని తెల్ల గడిలోకి జరిపేయ్. డ్రా అని కనబడుతుంది. జరిగింది అదే కదా."

మైలన్న రెండడుగులు వేసి ఆగాడు. వాడి ఆలోచన నెమ్మది. కానీ నాగలి చాలులాగా వంకర పోదు.

"నేను డ్రా అని పెడితే వాడేమంటాడు?"

"నేను గెలిచాను, వీడు రాజుని జరిపాడు అంటాడు."

"మేనల్లుళ్ళు?"

"మేం చూశాం అంటారు. నలుగురూ."

"అంటే నిజం పెడితే నన్ను దొంగని చేస్తారు." మైలన్న ఒక్కసారి బుస్సుమని గాలి వదిలాడు. "అయితే నిజం పెట్టను."

బోర్డు దగ్గరికి వెళ్ళాడు. నక్కలు అవతల బండ మీద అప్పుడే పండగ చేసుకుంటున్నాయి. ఇటు ఎవరూ చూడటం లేదు. మైలన్న మూతి దించి, తన తెల్ల రాజుని పక్కనున్న తెల్ల గడిలోకి నెట్టాడు. తర్వాత నల్ల రాజుని కూడా తెల్ల గడిలోకే నెట్టాడు.

సుంకమ్మ గుడ్లు తేలేసింది. "మతి పోయిందా? నువ్వు గెలిచానంటున్నావా? నువ్వు గెలవలేదుగా!"

"గెలవలేదు. నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఆ మాట ఎవరు చెబుతారో చూద్దాం."

"వాడు ఒప్పుకోకపోతే?"

"వాడు ఏదైనా భరిస్తాడు గానీ, ఓడాడన్న మాట భరించలేడు. ఇందాక బతిమాలింది దానికే. ఆ ఒక్కటీ అబద్ధం కాదు, వాడి మొహంలో చూశాను."

దాసప్ప రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా మైలన్న కదలకుండా నిలబడ్డాడు. ఒళ్ళంతా ఉడుకుతోంది. కొమ్ములు దురద పెడుతున్నాయి. దాసప్ప బోర్డు దగ్గర ఆగి, మెడ చాపి, రాజుల్ని చూశాడు. ఇంకోసారి చూశాడు. కాకి బొగ్గుముక్క ఎత్తింది.

"ఆఖరి ఆట ఫలితం. తెలుపు గెలిచింది. ఎద్దు మైలన్న గెలిచాడు. నక్క గుర్నాథం ఓడాడు" అని గట్టిగా ప్రకటించాడు.

అడవిపంది గుర్రుమని నవ్వింది. నెమలి నవ్వింది. గుర్నాథం మేనల్లుళ్ళలో అందరికంటే చిన్నవాడు, పాపం వాడికి ఎప్పుడు నోరు మూసుకోవాలో ఇంకా తెలియదు, "ఒరే! మామ ఓడాడ్రా! ఎద్దు చేతిలో ఓడాడ్రా!" అని ఎగిరాడు.

గుర్నాథం ఒక్క దూకు దూకి బోర్డు ముందుకు వచ్చాడు. మొహం ఎర్రబడింది. తొమ్మిదేళ్ళలో వాడికి కోపం రావడం ఎవరూ చూడలేదు. అవసరం పడితే కదా!

"ఎవడ్రా ఓడింది? నేనా? ఈ గడ్డి తినేవాడి చేతిలోనా? వీడి మొహానికి నన్ను ఓడించడం కూడానా! వీడు గెలవలేదు! దాసప్పగారూ, రాయకండి! ఇది డ్రా! నేనే అడిగాను డ్రా చేసుకుందామని! వీడు సరే బావా అన్నాడు, గిట్ట కలిపాడు! అడగండి వాడిని! కాదనమనండి చూద్దాం!"

దాసప్ప మెడ మైలన్న వైపు తిప్పాడు. "డ్రా అంటున్నాడు. నువ్వేమంటావు?"

"అక్షరాలా నిజమండీ" అన్నాడు మైలన్న. "బావ డ్రా అడిగాడు. నేను సరే అన్నాను. గిట్ట కలిపాను. నేను గెలవలేదు."

"ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు గనక రాజులతో పని లేదు. డ్రా. చెరో అర. రాసుకో."

కాకి రాసింది. మైలన్నకి నాలుగు. గుర్నాథానికి మూడున్నర.

గుర్నాథం ఆ అంకెల్ని చూశాడు. అప్పుడు గానీ వాడికి తను ఏం అన్నాడో తెలియలేదు.

"ఆగండి, ఆగండి. నేను... అసలు నేను గెలిచాను. రాజులు నల్ల గళ్ళలో ఉన్నారు! నేనే పెట్టించాను!"

"ఏమని చెప్పి పెట్టించావు?"

అడిగింది మైలన్న కాదు, సుంకమ్మ. గుంపు మధ్యలోంచి నడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"డ్రా అని చెప్పి నల్ల గళ్ళలో పెట్టించావా? మూడేళ్ళ కిందట నాతో పెట్టించినట్టు? అన్నదమ్ముల్లా ఉంటారన్నావా? నాతో అక్కాతమ్ముళ్ళలా ఉంటారన్నావు."

జంతువులన్నీ గుర్నాథాన్ని చూశాయి. వెనకనుంచి ముంగిస నెమ్మదిగా, "నాతో మామా అల్లుళ్ళలా అన్నాడు. అయిదేళ్ళయింది. నేను ఎవరికీ చెప్పలేదు" అంది. నెమలి ఈకలు ముడుచుకుంది. "నాతో కూడా..." అని ఆగిపోయింది.

ఇక ఎవరూ నవ్వలేదు. తొమ్మిది వేసవులు ఎవరెవరి పిల్లలు ఎక్కడెక్కడ ఎండు ఆకులు నమిలాయో ఒక్కొక్కరికీ గుర్తొస్తోంది. అడవిపంది ముందుకు అడుగేసింది. గుర్నాథం మేనల్లుళ్ళ కోసం చూశాడు. మేనల్లుళ్ళు ఎప్పుడో చెట్ల చాటుకి జారుకున్నారు. వాడు కూడా తోక కాళ్ళ మధ్య ఇరికించుకుని వెనక్కి వెనక్కి నడిచి, పొదలు దొరకగానే పరుగు అందుకున్నాడు.

మైలన్న కోపం మాత్రం చల్లారలేదు. వాడు దాసప్ప ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"పొద్దున్న పద్ధతులు అడిగాను మిమ్మల్ని. అందరికీ తెలిసినవే అన్నారు. తొమ్మిదేళ్ళు మీ కళ్ళముందు ఇది జరిగింది. మీరు గళ్ళ రంగు చూశారు గానీ ఒక్కసారైనా మా మొహాలు చూడలేదు. సుంకమ్మక్క వచ్చి చెబితే వినలేదు. వాడు దొంగే, కాదనను. కానీ వాడికి చాప పరిచింది మీరు."

దాసప్ప మెడ కొంచెం కొంచెంగా లోపలికి లాక్కున్నాడు. చివరికి డిప్ప ఒక్కటే మిగిలింది. దాని మీద ఎంత కోప్పడినా ఒకటే.

ఆ సాయంత్రానికే ఆవులు మలుపులో దిగాయి. సుంకమ్మ ఒడ్డు మీద దూరంగా నిలబడి ఉంటే మైలన్న చాలాసేపు పట్టించుకోలేదు. తర్వాత, కోపం ఇంకా గొంతులో ఉండగానే, "వచ్చి మేయి. వచ్చే ఏడు కొత్తగా పేరిచ్చే ప్రతివాడికీ రాజుల సంగతి నువ్వే చెప్పాలి, పొద్దున్నే, మొదటి ఆటకి ముందే" అన్నాడు. సుంకమ్మ సరేనని దిగింది.

నీతి: మోసగాడిని నిజంతో నిలదీస్తే బొంకుతాడు, వాడికి నష్టం తెచ్చే అబద్ధాన్ని వాడి ముందు పెడితే నిజం వాడే కక్కుతాడు.